కరువు కాలంలో విశ్వాసి మనసు

మేఘాలను నడిపించేవాడూ, ఎండిన నేలకు తిరిగి ప్రాణం పోసేవాడూ అయిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలూ చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతీ శుభాలూ కలుగుగాక!



మనం నివసించే ఈ అనంతపురం నేలకు కరువు కొత్త కాదు. నైరుతి రుతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు సముద్ర తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలం కోల్పోతాయి. ఏడాది మొత్తానికి మనకు దక్కే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదైనా అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. 1876-78 నాటి మహా కరువు గురించి మన పెద్దలు తమ పెద్దల నోట విన్నారు. 1882లో బళ్ళారి నుండి వేరుపడి అనంతపురం జిల్లా ఏర్పడింది. 2022లో అది రెండు జిల్లాలైంది. సరిహద్దులు మారాయి గానీ ఆకాశం వైపు చూసే మన చూపు మారలేదు.

వేరుశనగ విత్తిన రైతు స్థితి మీకు తెలియనిది కాదు. తొలకరికి నేల పదునెక్కగానే అప్పు తెచ్చిన విత్తనకాయలు భూమిలో వేస్తాడు. మొలక బాగా వస్తుంది. నెలన్నర గడిచి ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తుంది. మరో పది రోజులు, మరో ఇరవై రోజులు మబ్బులు వచ్చి వెళ్లిపోతాయి. చెట్టు పచ్చగానే కనబడుతుంది, పీకి చూస్తే కింద కాయ ఉండదు. చీనీ తోట పెట్టినవాడి బాధ మరొకటి. ఏళ్ల తరబడి బిడ్డల్లా పెంచిన చెట్లు బోరు ఎండిపోయిన ఒక్క వేసవిలో కళ్లముందే మోడువారతాయి. సేద్యం లేని ముస్లిం కుటుంబాలకు కూడా ఈ కరువు తప్పదు. పల్లెలో డబ్బు ఆడకపోతే పట్టణంలో మెకానిక్ షాపుకూ, పండ్ల బండికీ, బట్టల అంగడికీ, ధర్మవరం మగ్గానికీ బేరం తగ్గుతుంది. ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కే కుటుంబాలు మన మొహల్లాల్లోనూ ఉన్నాయి.

వాన మన చేతిలో లేదు. బోరులో నీరు పడటం మన చేతిలో లేదు. మార్కెట్టులో కాయల ధర కూడా మన చేతిలో లేదు. అయితే మరణానంతరం అల్లాహ్ మనల్ని దేని గురించి ప్రశ్నిస్తాడు? వాన ఎందుకు పడలేదని ఆయన మనల్ని అడగడు. వాన పడని ఏడాది నీవు ఏమి తలచావు, ఏమి పలికావు, ఏమి చేశావు అని అడుగుతాడు. నేటి ప్రసంగంలో ఈ విషయాన్నే వివరిస్తాము.

తలపు రావడం వేరు, తలపును ఆదరించడం వేరు

కష్టం ఎదురైనప్పుడు మనసులో మొదట మెదిలే తలపు మన అనుమతి అడిగి రాదు. భయం వస్తుంది, కోపం వస్తుంది, ఒక్కోసారి విశ్వాసి తన నోటితో చెప్పడానికి సిగ్గుపడే తలపు కూడా వస్తుంది. అలాంటి తలపు వచ్చినందుకు తమ ఈమాన్ పోయిందేమోనని కొందరు వణికిపోతారు. వారికి ఒక శుభవార్త ఉంది. మనసు గుసగుసలాడే మాటలను నోటితో పలకనంత వరకూ, చేతతో ఆచరించనంత వరకూ అల్లాహ్ ఈ సముదాయానికి మన్నించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ నమోదై ఉంది.

హిజ్రీ 505లో పరమపదించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో ఈ అంశాన్ని ఎంతో సూక్ష్మంగా విడమరచారు. హృదయంలో ఒక తలపు కార్యరూపం దాల్చే ముందు నాలుగు మెట్లు ఎక్కుతుందని వారు వివరించారు. మొదటిది మనసులో తటాలున మెదిలే తలపు. రెండవది దాని వైపు మనసు మొగ్గడం. మూడవది 'ఇది చేయవలసిందే' అని మనసు తీర్పు చెప్పడం. నాలుగవది చేసి తీరాలని గట్టిగా సంకల్పించడం. మొదటి రెండూ మనిషి అధీనంలో ఉండవు కనుక వాటికి అతడు బాధ్యుడు కాడు. మూడవ మెట్టులో తన ఇష్టంతో చేసిన దానికి బాధ్యుడు. నాలుగవ మెట్టుకు పూర్తిగా బాధ్యుడు. సంకల్పం దాకా వెళ్లి కూడా అల్లాహ్‌కు భయపడి వెనుదిరిగితే అది అతని ఖాతాలో పుణ్యంగా రాయబడుతుంది.

దీన్ని మన పొలంలోకి తెచ్చి చూద్దాం. ఒక రైతు ఉన్నాడనుకోండి. వందల అడుగులు దించిన బోరు నుండి దుమ్మే లేచింది. 'అయిపోయింది, ఇక నా పని ముగిసింది' అన్న తలపు అతనికి తటాలున మెదిలింది. ఇది మొదటి మెట్టు, దీనికి అతడు దోషి కాడు. ఒళ్లంతా నీరసించి, మనసు ఆ తలపు వైపే ఒరిగింది. ఇది రెండవ మెట్టు, దీనికీ అతడు దోషి కాడు. ఇప్పుడు మూడవ మెట్టు ముందు అతడు ఒక్క క్షణం ఆగగలడు. 'ఈ బోరు అయిపోయిన మాట నిజం. నేను అయిపోయానని ఎవరు చెప్పారు?' అని తనను తాను అడగగలడు. మనకు ప్రసాదించబడిన స్వేచ్ఛ ఆ ఒక్క క్షణంలో ఉంది. ఇంటి ముందుకు ఎవరైనా రావచ్చు. లోపలికి పిలిచి, మంచం వేసి కూర్చోబెట్టేది మాత్రం ఇంటి యజమానే.

హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) ఎంచుకున్న మార్గం

కరువు నేలపై ఎలా ఆలోచించాలో, ఎలా నడుచుకోవాలో నేర్పడానికి అల్లాహ్ మనకు ఒక తల్లిని ఆదర్శంగా నిలిపాడు. పైరు అన్నది ఎరుగని ఒక లోయలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహి) తన భార్య హాజిరానూ, పాలు తాగే పసివాడు ఇస్మాయీల్‌నూ విడిచి వెళ్లారు. ఒక సంచిలో ఖర్జూరాలు, ఒక తోలుతిత్తిలో నీళ్లు మాత్రమే వారి వద్ద మిగిలాయి. ఆమె భర్త వెంట నడుస్తూ, మనిషి జాడ లేని ఈ చోట మమ్మల్ని వదిలి ఎక్కడికి వెళుతున్నారని పదే పదే అడిగారు. ఆయన వెనుదిరిగి చూడలేదు. ఇది అల్లాహ్ ఆజ్ఞయా అని ఆమె అడిగినప్పుడు మాత్రం అవునన్నారు. అయితే ఆయన మమ్మల్ని వృథాగా పోనివ్వడని చెప్పి ఆమె వెనుకకు మరలారు. బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతం మనందరికీ తెలిసినదే. అయినా ఇందులోని క్రమాన్ని మరొకసారి గమనించాలి.

మొదట ఆమెకు కలిగింది ఆందోళనే. ఆమె ప్రశ్నించారు, ఒకసారి కాదు, పలుమార్లు ప్రశ్నించారు. ఆ ఆందోళన ఆమె గౌరవాన్ని ఏమాత్రం తగ్గించలేదు. తరువాత ఆమె ఒక ఆలోచనను ఎంచుకున్నారు. పరిస్థితిలో ఏ మార్పూ రాలేదు. లోయ అదే, ఎండ అదే, తిత్తిలోని నీళ్లు అవే. ఆ పరిస్థితిని ఆమె చూసిన చూపు మాత్రం మారింది.

నీళ్లు అయిపోయాయి. పసివాడు దాహంతో తల్లడిల్లుతున్నాడు. అల్లాహ్ వృథాగా పోనివ్వడని నమ్మిన ఆ తల్లి అప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సఫా గుట్ట ఎక్కి చూశారు, దిగి పరుగెత్తారు, మర్వా గుట్ట ఎక్కి చూశారు. ఏడుసార్లు తిరిగారు. నీళ్లు ఆమె వెతికిన గుట్టలపై దొరకలేదు, పసివాడి చెంత నుండి ఉబికాయి. మరి ఆ పరుగు వ్యర్థమా? ప్రపంచం నలుమూలల నుండి వెళ్లే హాజీలు నేటికీ ఆ పరుగునే ఆచరిస్తున్నారు. ఫలితం వచ్చిన చోటును అల్లాహ్ నిర్ణయించాడు, ప్రయత్నాన్ని మాత్రం ఆరాధనగా స్వీకరించాడు. బెంగళూరులో కూలికి వెళ్లి బిడ్డల ఫీజు పంపే తండ్రీ, ఎండిన చీనీ చెట్లు కొట్టించి ఆ చోట కొర్రలో సజ్జలో చల్లే రైతూ, మిషను కుట్టి ఇల్లు నడిపే తల్లీ తమ శ్రమను ఈ వెలుగులో చూసుకోవాలి.

కరువులో వచ్చే నాలుగు తలపులు

ఇలాంటి కాలంలో మన ప్రాంత ప్రజల మనసుల్లో తరచుగా మెదిలే తలపులు నాలుగు ఉన్నాయి. ప్రతిదానికీ మన ధర్మంలో జవాబు ఉంది.

మొదటిది: 'అల్లాహ్ నన్ను వదిలేశాడు.' దాసుడు తన గురించి ఎలా తలుస్తాడో తాను అతని పట్ల అలా ఉంటానని అల్లాహ్ తెలిపినట్లు దైవప్రవక్త (స) వినిపించారు. కనుక ప్రభువు పట్ల మంచి భావన కలిగి ఉండటం విశ్వాసి బాధ్యత. కరువు రావడమే దైవాగ్రహానికి రుజువైతే, దైవప్రవక్త (స) స్వయంగా నివసించిన మదీనాలో కరువు వచ్చేది కాదు. ఇక్కడ ఒక హద్దును కూడా గుర్తుంచుకోవాలి. వాన లేనప్పుడు నా పాపాలకు నేను క్షమాపణ వేడుకోవాలి. క్షమాపణ వేడుకోండి, ఆకాశం మీపై వానలు కురిపిస్తుందని హజ్రత్ నూహ్ (అలైహి) తన జాతికి బోధించిన విషయం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. కానీ పక్కవాడి పొలం ఎండితే 'అది వాడి పాపఫలం' అని తీర్పు చెప్పే అధికారం మనలో ఎవరికీ లేదు. ఇస్తిగ్ఫార్ మన కోసం చేయాలి, పక్కవాడి కోసం దుఆ చేయాలి.

రెండవది: 'అలా చేసి ఉంటే ఇలా జరిగేది కాదు.' 'ఆ బోరు వేయించకుండా ఉంటే... ఆ ఏడాది పొలం అమ్మేసి ఉంటే... అన్న మాట విని ఉంటే...' రాత్రి తెల్లవార్లూ ఈ లెక్కే సాగుతుంది. మీకు మేలు చేసే దాని కోసం పాటుపడండి, అల్లాహ్ సహాయం అర్థించండి, నిస్సత్తువకు లోనుకాకండి, ఏదైనా ఆపద వస్తే అలా చేసి ఉంటే అనకండి, ఆ మాట షైతాన్ పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హితవు పలికారు. జరిగిన దాని నుండి పాఠం నేర్చుకోవడాన్ని ఇది నిషేధించదు. వచ్చే ఏడాదికి ఏ విత్తనం మేలో, ఎన్ని ఎకరాలకు నీరు చాలుతుందో ఆలోచించడం వివేకం. గడిచిన ఏడాదినే మళ్లీ మళ్లీ దున్నడం వల్ల ఏ పంటా రాదు.

మూడవది: 'అంతా తఖ్దీర్, మనం చేసేది ఏముంది?' ఈ మాట వినడానికి భక్తిగా ఉంటుంది, కానీ సహాబాలు విధివ్రాతను ఇలా అర్థం చేసుకోలేదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన వెనుకకు మరలాలని నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఉమర్ (రజి) ఇచ్చిన జవాబు మన పీఠభూమి కోసమే చెప్పినట్లుంటుంది. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపే వెళుతున్నామని అంటూ ఆయన ఒక పోలిక తెచ్చారు. ఒక లోయకు రెండు వాలులు ఉన్నాయి, ఒకటి పచ్చనిది, ఒకటి ఎండినది. ఒంటెలను పచ్చని వైపు మేపినా అది అల్లాహ్ నిర్ణయమే, ఎండిన వైపు మేపినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అన్నారు. కాబట్టి పచ్చని వాలును వెతుక్కోవడం తఖ్దీర్‌ను ధిక్కరించడం కాదు. ఈ ప్రాంతంలో మనకంటే ముందున్నవారు కరువును చూసి చెరువులు తవ్వారు. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు అలా వచ్చినవే. అనంతపురానికి ఆ పేరే ఒక చెరువు వల్ల వచ్చిందని చెబుతారు. పొలంలో నీటి కుంట తవ్వించుకోవడం, డ్రిప్పు పెట్టుకోవడం, ఒకే పంటను నమ్ముకోకుండా చిరుధాన్యాలు కలిపి వేసుకోవడం, గడువు లోపల పంట బీమా నమోదు సంగతి చూసుకోవడం, ఇవన్నీ తవక్కుల్‌లో భాగమే. ఒంటెను కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నది ప్రవక్త (స) బోధన.

నాలుగవది అన్నింటికంటే ప్రమాదకరమైనది: 'నేను పోతే అందరికీ బరువు తీరుతుంది.' ఈ తలపు గురించి మసీదుల్లో మాట్లాడటానికి మనం సంకోచిస్తాము. కానీ అప్పుల వల్ల రైతులు ప్రాణాలు తీసుకున్న జిల్లాల్లో మన జిల్లా ఒకటి. మౌనం వల్ల మేలు జరగదు కనుక స్పష్టంగా చెబుతున్నాము. ఈ ప్రాణం మన సొత్తు కాదు, అల్లాహ్ మన వద్ద ఉంచిన అమానతు. దాన్ని తీసుకునే హక్కు మనకు లేదు, అది నిషిద్ధం. ఆ తలపు చెప్పే మాట కూడా అబద్ధమే. మనిషి పోతే అప్పు పోదు, అది భార్యాబిడ్డల గుమ్మం ముందుకు వస్తుంది, దానితోపాటు తీరని శోకమూ వస్తుంది. ఈ తలపు మెదిలినవాడు పాపిగా మారిపోలేదు. అతడు గాయపడ్డాడు. అతడు చేయవలసిన మొదటి పని ఒంటరిగా ఉండకపోవడం, ఆ మాటను ఒక నమ్మకమైన మనిషికి చెప్పడం.

ఇందుకు ఒక జుమా సంఘటనే సాక్ష్యం. దైవప్రవక్త (స) మింబర్‌పై ప్రసంగిస్తుండగా ఒక పల్లెవాసి లోపలికి వచ్చి, పశువులు నశించాయి, దారులు తెగిపోయాయి, మా కోసం ప్రార్థించండని నిలబడే మొరపెట్టుకున్నాడు. ప్రసంగం మధ్యలో మాట్లాడావేమని ఆయన (స) అతన్ని మందలించలేదు. చేతులెత్తి ప్రార్థించారు, వాన కురిసింది, మరుసటి జుమా దాకా కురుస్తూనే ఉంది. తన కష్టాన్ని పదిమంది ముందు చెప్పుకోవడం పరువు తక్కువ అనుకునేవారు ఈ హదీసును గుర్తు చేసుకోవాలి. మీ ఇమామ్‌తో చెప్పండి, అన్నతో చెప్పండి, స్నేహితునితో చెప్పండి. మనసుకు వైద్యం చేసే డాక్టరు వద్దకు వెళ్లండి. జబ్బుకు చికిత్స చేయించుకోమన్న ప్రవక్త (స) బోధన మనసుకూ వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరైనా ముభావంగా మారితే, నమాజుకు రావడం మానేస్తే, 'నేను లేకపోయినా మీరు బాగుండాలి' అన్నట్టు మాట్లాడితే, వారిని ఒంటరిగా వదలకండి. పొలం మందులను ఇంట్లో అందుబాటులో ఉంచకండి.

ఇప్పటికే అలా తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలకు ఒక మాట. తుఫైల్ బిన్ అమ్ర్ (రజి)తో కలిసి మదీనాకు వలస వచ్చిన ఒక వ్యక్తి జబ్బు బాధ భరించలేక తన చేతులను తానే గాయపరచుకుని మరణించాడు. అతని సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (స) ఆ చేతులను కూడా క్షమించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ముస్లిం గ్రంథంలో ఉన్న విషయమిది. కాబట్టి మీవారి కోసం దుఆ చేయడం మానకండి. సమాజంలో ఎవరూ ఆ కుటుంబాన్ని వేలెత్తి చూపకండి.

దుఃఖం అవిశ్వాసం కాదు

ఆలోచనను ఎంచుకోవాలని మేము చెబుతున్నప్పుడు, బాధపడకూడదని చెప్పడం లేదు. హజ్రత్ యాఖూబ్ (అలైహి) అందమైన సహనాన్ని ఎంచుకున్నవారు. అదే యాఖూబ్ (అలైహి) కుమారుని కోసం ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయారు. ఖుర్ఆన్ ఈ రెండింటినీ ఒకే అధ్యాయంలో, ఒకే వ్యక్తి గురించి తెలిపింది. తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు, కుమారులను మాత్రం నిరాశ చెందకుండా వెళ్లి వెతకమన్నారు. మన దైవప్రవక్త (స) పసికందు ఇబ్రాహీమ్‌ను పోగొట్టుకున్నప్పుడు వారి కళ్లు చెమర్చాయి. కన్నీరు సబర్‌కు విరుద్ధమని మనకు ఎవరూ నేర్పలేదు. ఎండిన పొలం గట్టున కూర్చుని ఏడ్చిన రైతు తన ప్రభువుకు దూరమైనట్లు కాదు. ఏడ్చి లేచిన తరువాత అతడు ఏ మాటను మనసులో నిలుపుకుంటాడన్నదే ముఖ్యం.

సబర్ ఎవరికి బోధించాలి?

ఇక్కడ ఉన్నవారిని హెచ్చరించవలసిన విషయం ఒకటి ఉంది. సబర్ అన్నది నాకు నేను చెప్పుకోవలసిన మాట. నా దగ్గర ధాన్యం ఉండి, పొరుగువాడి పొయ్యి వెలగనప్పుడు 'సబర్ చేయి భాయ్' అని చెప్పి నేను తలుపు వేసుకుంటే, ధర్మం పేరుతో బాధ్యతను తప్పించుకున్నట్లే.

హిజ్రీ 18లో అరేబియాలో తీవ్రమైన కరువు వచ్చింది. గాలి వీస్తే నేల బూడిదలా లేచేది కనుక చరిత్రకారులు దాన్ని బూడిద సంవత్సరం అన్నారు. పల్లెల నుండి వేలాదిగా ప్రజలు మదీనాకు వలస వచ్చారు. అప్పుడు ఖలీఫాగా ఉన్న హజ్రత్ ఉమర్ (రజి) ప్రజలకు సబర్ గురించి ప్రసంగాలు చేసి ఊరుకోలేదు. ప్రజలు తేరుకునే దాకా నెయ్యి, పాలు, మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. నూనెతోనే తింటూ ఆయన దేహం రంగు మారిపోయింది. సిరియా, ఇరాక్‌ల పాలకులకు లేఖలు రాసి ధాన్యం తెప్పించారు, వచ్చినవారికి వండి వడ్డించే ఏర్పాటు చేశారు. దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ను వెంటబెట్టుకుని వాన కోసం ప్రార్థన చేశారు. ఆ కరువులో ఆయన ఎంచుకున్న ప్రతిస్పందనలు ఇవి: తన కంచాన్ని తగ్గించుకోవడం, ప్రజల కంచాన్ని నింపడం, ప్రభువు ముందు చేతులెత్తడం. వాటిలో ఏ ఒక్కటీ మరొక దానికి బదులు కాలేదు.

మన మొహల్లా స్థాయిలో మనం చేయగలిగినవి ఉన్నాయి. జకాత్‌ను రమజాన్ దాకా ఆపకుండా ఇప్పుడే లెక్కకట్టి ఇవ్వవచ్చు. వడ్డీ ఊబిలో ఉన్నవాడికి ఖర్జె హసనా ఇవ్వవచ్చు. మనకు రావలసిన అప్పు ఉంటే గడువు పెంచవచ్చు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి తేరుకునే దాకా గడువు ఇవ్వాలనీ, మాఫీ చేస్తే మరింత మేలనీ ఖుర్ఆన్ ఆదేశం. అప్పుతో మరణించిన ఒక వ్యక్తి జనాజా ముందుకు వచ్చినప్పుడు దైవప్రవక్త (స) నమాజు చేయించడానికి ఆగారు. ఆ అప్పు నాదని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చారు, అప్పుడు నమాజు జరిగింది. అలా ముందుకు వచ్చేవాడు మన జమాఅత్‌లో మనిషి బతికి ఉండగానే లేవాలి.

మంచి ఏట దాచుకున్న విత్తనం

ఆపద నెత్తిన పడ్డాక మంచి ఆలోచన కోసం వెతికితే దొరకదు. హిజ్రీ 322లో మరణించిన బల్ఖ్ ప్రాంత పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' అనే గ్రంథంలో శరీర ఆరోగ్యం గురించీ, మానసిక ఆరోగ్యం గురించీ రాశారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి అనుకోని జబ్బు కోసం ఇంట్లో మందులు సిద్ధంగా ఉంచుకున్నట్లే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే మేలైన ఆలోచనలను సమకూర్చుకుని, అలజడి వేళ వాటిని బయటికి తీయాలని ఆయన సూచించారు. మన రైతుకు ఇది కొత్త మాట కాదు. ఎంత ఆకలి ఉన్నా విత్తనకాయల మూటను విప్పకూడదని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు. మనసుకూ అలాంటి మూట ఒకటి కావాలి.

ఆ మూటలో ఏమి ఉండాలో కొన్ని చెబుతాము. మొదటిది, రోజూ ఫజ్ర్ తరువాత మీకు మిగిలి ఉన్న అనుగ్రహాలు మూడింటిని పేరుపేరునా తలచుకుని అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పడం. రెండవది, కష్టం వినగానే నాలుక దానంతటదే 'ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్' అనేలా దాని అర్థంతో సహా పిల్లలకు అలవాటు చేయడం. మూడవది, పెద్ద నిర్ణయం కోపంలోనో దుఃఖంలోనో అర్ధరాత్రి తీసుకోకుండా, రెండు రకాతులు చదివి తెల్లవారే దాకా వాయిదా వేయడం. నాలుగవది, అప్పులన్నింటినీ కాగితంపై రాయడం. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పును రాసుకోవడం గురించే వచ్చింది. తలలో ఉన్న అప్పు రాత్రికి రాత్రి పెరిగి కొండంత అవుతుంది, కాగితంపై ఉన్న అప్పు ఉన్నంతే ఉంటుంది. ఎవరికి ఎంత, ఏది ముందు, ఎవరిని గడువు అడగాలి అన్నది భార్యతో కూర్చుని మాట్లాడండి. ఆమెకు చెబితే బాధపడుతుందని దాచేవారు, చెప్పకపోతే ఆమె ఎంత బాధపడుతుందో ఆలోచించాలి.

వాన కోసం ఇస్తిస్ఖా నమాజు చేసినప్పుడు ఇమామ్ తన పైవస్త్రాన్ని తిప్పి కప్పుకోవడం సున్నత్. వస్త్రం అదే, దాన్ని వేసుకున్న తీరు మారుతుంది. స్థితి మారాలన్న ఆశకు అది సంకేతమని పండితులు అన్నారు. వాన పడకముందే విశ్వాసి ఆ ఆశను తన ఒంటిపై వేసుకుంటాడు. ఈసారి ఈద్‌గాహ్‌లో ఇస్తిస్ఖా కోసం నిలబడినప్పుడు, ఆ తిప్పిన వస్త్రాన్ని చూసి మన తలపులను కూడా ఒకసారి తిప్పి చూసుకుందాం.

ఓ అల్లాహ్! మా నేలపై మేలు చేసే వానను కురిపించు. మా చెరువులనూ, మా బోర్లనూ నింపు. వాన ఆలస్యమైతే మా హృదయాలను ఎండనివ్వకు. అప్పుల్లో ఉన్నవారికి దారి చూపు, వలస వెళ్లినవారిని క్షేమంగా ఇల్లు చేర్చు. నిరాశతో తల వంచిన ప్రతి మనిషి భుజంపై చేయి వేసే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. మా తలపుల్లో చెడ్డవాటిని మన్నించు, మంచివాటిని మా ఆచరణగా మార్చు. ఆమీన్.